పార్కు అని రాసి ఉన్న చోటు

మా అమ్మ ట్రంకుపెట్టె అడుగున, పెళ్ళినాటి పట్టుచీర కింద, కలరా ఉండల వాసన వేస్తూ ఓ కాయితం ఉంది. నాలుగు మడతలు పెట్టిన నీలం గీతల నక్షా. అగ్గిపెట్టెలు పేర్చినట్టు గళ్ళూ, గళ్ళకి నంబర్లూ. వాటి మధ్య ఓ చిన్న చతురస్రానికి ఎవరో ఓపిగ్గా ఆకుపచ్చ పెన్సిలుతో రంగు వేసి, లోపల "పార్కు" అని రాశారు. దానికెదురుగా ఉన్న పదిహేడో నంబరు, రెండువందల గజాలు, మా అమ్మది. 1987లో చంద్రహారం అమ్మి కొనుక్కుంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకీ వాటా ఉందని ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నించి చట్టం అమల్లోకి వచ్చిన రోజులవి. వాటాలూ వంతులూ ఎలా ఉన్నా, తన పేర తనకంటూ ఓ చారెడు నేల ఉండాలని అమ్మ ముచ్చట. "నగ మెళ్ళో ఉంటే దొంగభయం. నేలనెవడెత్తుకుపోతాడే?" అనేది.

నేలని కూడా ఎత్తుకుపోతారని మాకు తెలియడానికి ముప్ఫయ్యేళ్ళ పైనే పట్టింది.

మనవరాలికి పసుపుకుంకాల కింద ఆ స్థలం రాసిద్దామని ఆవిడకి బుద్ధి పుట్టి, నన్ను వెంటబెట్టుకుని చూడ్డానికి బయల్దేరింది. పదిహేడో నంబరు పదిలంగానే ఉంది, తుమ్మకంప మొలిచి. ఎదురుగా పార్కు మాత్రం లేదు. ఉండాల్సిన చోట రెండంతస్తుల మేడా, దాని కింద మూడు షాపులూ ఉన్నాయి. సరే, పార్కు పోతే పోయింది, ముప్ఫై అడుగుల రోడ్డేదీ అని చూస్తే, రోడ్డెందుకో చిక్కిపోయినట్టు కనిపించింది. అమ్మ సంచీలోంచి పాత నేతచీర తీసింది, చెట్టుకింద పరుచుకుని కూచుందామని తెచ్చుకున్నది. ఓ కొస నా చేతికిచ్చి, రెండో కొస పట్టుకుని అవతలి ప్రహరీ దాకా నడిచింది. గోడకీ గోడకీ మధ్య సరిగ్గా ఒక్క చీర! ఆరు గజాలు, అంటే పద్దెనిమిది అడుగులు. తక్కిన పన్నెండడుగులూ రెండువైపులా ప్రహరీల కడుపులోకి పోయాయి.

ఆఫీసుకెళ్ళి అడిగాం. సీట్లో ఉన్న కుర్రవాడు మర్యాదస్తుడే. కాయితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది అప్రూవ్డు లేఅవుట్ కాదమ్మా. దీనిమీద ఉన్నది అప్పటి పంచాయతీ స్టాంపొక్కటే. ఇల్లు కట్టుకోవాలంటే ముందు రెగ్యులరైజు చేయించుకోవాలి. లేఅవుట్లో ఖాళీస్థలం వదల్లేదు గనక దానికీ చార్జీ కట్టాలి," అన్నాడు.

"అయితే బాబూ, పార్కుకి డబ్బు కడితే పార్కు ఇస్తారా?" అని అడిగింది అమ్మ.

ఆ కుర్రవాడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. జవాబు చెప్పలేదు.

ఆ ప్రశ్న నన్ను పట్టుకు వదల్లేదు. అసలు ఊరు కట్టేటప్పుడు రోడ్డింత ఉండాలి, పార్కింత వదలాలి అని చెప్పిందెవరు? ఎప్పుడు? ఎందుకు? కథలు రాసుకునేదాన్ని, నాకీ లెక్కలెందుకని ఊరుకోలేక పుస్తకాలు ముందేసుకుని కూచున్నాను. తీరా చూస్తే, ఈ లెక్కల వెనకాల మా నవలలకి తీసిపోని కథలున్నాయి.

మైసూరు ఓరియంటల్ లైబ్రరీలో ఆర్. శామశాస్త్రిగారు తాళపత్రాల్లోంచి ఎత్తి 1909లో అచ్చువేయించిన గ్రంథం ఉంది కదా, కౌటిల్యుడి అర్థశాస్త్రం. రాజ్యాలు కూల్చే ఎత్తులకే అందరూ దాని పేరు చెబుతారు. ఆ మహానుభావుడు మురుక్కాలవల్ని కూడా వదిలిపెట్టలేదు. కోటలో తూర్పుపడమరలుగా మూడు, ఉత్తరదక్షిణాలుగా మూడు రాజమార్గాలుండాలన్నాడు. కాలువ పక్కవాడి గోడకి ఎంత ఎడంగా తీయాలో చెప్పి, తప్పితే జరిమానా పెట్టాడు. ఇంకో ముచ్చట చెప్పాడు. ఇల్లూ వాకిలీ అమ్మేటప్పుడు ఇరుగుపొరుగుల్లో పెద్దమనుషులు నలభైమంది ఇంటిముందు చేరి, ఫలానాది అమ్మకానికుందని ప్రకటించాలట. మా అమ్మ ప్లాటు కొన్నప్పుడు నలభైమంది కాదు గదా, నలుగురు కూడా లేరు. దళారీ, సాక్షులిద్దరూ, అంతే.

అదలా ఉంచండి. మన రోజులకి దగ్గరగా వస్తే ఈ కథ వరదతో మొదలవుతుంది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. ఒడ్డున కిక్కిరిసి కట్టుకున్న పేటలకి పేటలు కొట్టుకుపోయాయి. పోయినవాళ్ళు 15 వేలమంది ఉంటారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ కళ్ళెదుటే తల్లీ, భార్యా, కూతురూ నీళ్ళపాలయ్యారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఓ చింతచెట్టుంది. ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఊళ్ళో ఓ పెద్దచెట్టుకి చోటుండటం ఎందుకని ఎవరైనా అడిగితే, నేనా చింతచెట్టుని చూపిస్తాను.

ఆ మర్నాడు సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన సలహామీదే ఎగువన జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. నీళ్ళని ఆపినంత మాత్రాన సరిపోదు, ఊరు కట్టుకునే తీరు కూడా మారాలని ఆలోచించి, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డుని పెట్టారు. ఇరుకు పేటల్ని ఎత్తించి, వీధులు వెడల్పు చేసి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్ళు కట్టించడం దాని పని. చార్మినారు వెళ్ళినప్పుడల్లా మనం గాజులూ ముత్యాలూ బేరమాడే పత్తర్‌గట్టీలో ఆ రాతి కమానుల వరస వాళ్ళు కట్టించిందే. బొంబాయిలో అంతకు ముందే, 1896 నాటి ప్లేగు దెబ్బకి 1898లో ఇలాంటి ట్రస్టొకటి వెలిసింది. అంటే చూశారూ, రోడ్డు వెడల్పుగా ఉండాలన్న రూలు షోకు కోసం పుట్టింది కాదు. శవాల్ని లెక్కపెట్టుకున్నాక పుట్టింది.

ఇంకోవైపు మద్రాసు రాష్ట్రం. మన కోస్తా జిల్లాలూ, రాయలసీమా అప్పట్లో అందులోవే. 1914లో గవర్నరు లార్డ్ పెంట్లాండ్ పిలుపుమీద పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లండు పెద్దాయన వచ్చాడు. ప్రపంచంలోని నగరాల పటాలూ బొమ్మలూ పోగుచేసి, ఊళ్ళెలా కట్టుకోవాలో చూపించే ప్రదర్శనొకటి తనకుండేది. దాన్ని ఓడలో వేసి పంపితే, మద్రాసుమీద గుళ్ళు కురిపించి మన తాతముత్తాతల్ని హడలగొట్టిన జర్మనీ యుద్ధనౌక ఎమ్డెన్ ఉందే, అదే ఆ ఓడని కూడా ముంచేసింది! ముసలాయన నీరసించలేదు. స్నేహితులు మళ్ళీ బొమ్మలు కూడబెట్టి పంపిస్తే, 1915లో మద్రాసులో ప్రదర్శన పెట్టేశాడు.

గెడ్డెస్ గారంటే నాకెందుకిష్టమో చెప్తాను. కాయితంమీద గీతలు గీసి ఊరంతా పడగొట్టమనే రకం కాదాయన. వీధివీధీ నడిచి చూసేవాడు. పాడుబడ్డ ఇల్లొకటి తీసేసి, ఆ ఖాళీలో చెట్టు నాటితే చుట్టూ ఉన్న పదిళ్ళకి గాలొస్తుంది, వందిళ్ళు కూల్చక్కర్లేదనేవాడు. ఇండోరులో ప్లేగు పీడిస్తుంటే దీపావళికి ఊరేగింపు పెట్టించాడు. ఊరేగింపు ఎప్పుడూ వెళ్ళే దారిని పోదు, ఏ వీధివాళ్ళు ఇళ్ళు ఎక్కువ శుభ్రంగా పెట్టుకుంటే ఆ వీధినే వస్తుందని చాటించాడు. ఇంకేముంది, ఊరు ఊరంతా చీపుళ్ళు పట్టుకుంది! చివర్న పెద్ద ఎలకబొమ్మని తగలబెట్టారు. పండక్కి ఇల్లు దులిపే ఆడవాళ్ళ పట్టుదలని ఊరు బాగుచేయడానికి వాడుకోవచ్చని కనిపెట్టిన మహానుభావుడాయన.

ఆ వేడిలోనే 1920లో మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది. ఊరి పెరుగుదలకి ముందే పథకం వేసుకోవాలి, వీధులకీ ఖాళీ జాగాలకీ చోటు గుర్తించాలన్నది దాని సారాంశం. ఇప్పటికీ పాత దస్తావేజుల్లో "టి.పి. స్కీము" అన్న మాట కనిపిస్తుంది. పద్ధతిగా గీసిన వీధుల సుఖం తెలియాలంటే గుంటూరు వెళ్ళి చూడండి. బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని చెప్తే చాలు, రైలు దిగిన కొత్తమనిషి కూడా ఎవర్నీ అడక్కుండా గుమ్మం ముందుకొచ్చి నిలబడతాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1965లో మునిసిపాలిటీల చట్టం వచ్చింది. భూమిని ఇళ్ళస్థలాలుగా విడగొట్టి అమ్మేవాడు ముందు నక్షాకి అనుమతి పుచ్చుకోవాలంది. 1975లో పట్టణాభివృద్ధి చట్టం కింద హైదరాబాదుకి హుడా, 1978లో విశాఖపట్నానికి వుడా, అదే ఏడు విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి కలిపి మరో సంస్థా వచ్చాయి. అవన్నీ ఇప్పుడు వేరే పేర్లతో వేరే సంస్థల్లో కలిసిపోయాయనుకోండి. పేర్లు మారినా పద్ధతి ఒకటే. స్థలం ఎవరిది, దానిమీద అప్పులూ తగాదాలూ ఏమైనా ఉన్నాయా, అది చెరువు కాదు కదా అని చూడాలి. సాగుభూమైతే ఇళ్ళస్థలంగా మార్పించుకోవాలి. ముందు తాత్కాలికంగా నక్షా ఒప్పుకుంటారు. రోడ్లు వేసి, కాలవలు తీసి, దీపాలు పెట్టాక తుది అనుమతి. చెప్పిన పనులు చేస్తాడన్న పూచీ కోసం కొన్ని ప్లాట్లు తనఖా పెట్టించుకోవడం కూడా ఉంది. రోడ్లూ, మొత్తం స్థలంలో పదోవంతు ఖాళీ జాగా, పంచాయతీకో మునిసిపాలిటీకో ఉచితంగా రాసివ్వాలి. ఆ పదోవంతే నక్షామీద ఆకుపచ్చగా కనిపించేది. అది అమ్మినవాడిదీ కాదు, కొన్నవాడిదీ కాదు. అందరిదీ.

మరి ఇంత పకడ్బందీగా ఉంటే మా అమ్మ పార్కెలా మాయమైంది? దీనికి జవాబు వంటింటి లెక్కలో ఉంది. ఎకరానికి 4,840 గజాలు. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ అనే లెక్కల పండితుడు 66 అడుగుల గొలుసొకటి కనిపెట్టాడు. గొలుసు పొడవూ గొలుసు వెడల్పూ ఉన్న చదరం 484 గజాలు. అలాంటివి పదైతే ఎకరం. అంటే ఎకరానికి సరిగ్గా ఒక గొలుసు చదరం పార్కుకి పోవాలన్నమాట. రోడ్లకి నూటికి ముప్ఫై వంతులనుకోండి, సుమారు 1,450 గజాలు. మిగిలిన 2,900 గజాల్లో రెండువందల గజాల ప్లాట్లు 14 వస్తాయి. అదే పార్కు ఎగ్గొట్టి, రోడ్లు సన్నం చేసి నూటికి పద్దెనిమిది వంతులతో సరిపెడితే 19 వస్తాయి. ఎకరానికి అయిదు ప్లాట్లు అదనం! పదెకరాల ఆసామీకి యాభై. ఆ యాభై ప్లాట్ల సొమ్ము ముందు ఆకుపచ్చ పెన్సిలు ఏపాటిది? నక్షాలో రంగు వేయడం పావలా ఖర్చు. అమ్మకాలన్నీ అయ్యాక ఆ రంగుని కూడా అమ్ముకోవచ్చు.

మనమేమో "రిజిస్ట్రేషనైంది కదా!" అని ధీమాగా ఉంటాం. ఇక్కడే మన ఆడవాళ్ళం గమనించాల్సిన కిటుకుంది. రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది, మూసీ వరదొచ్చిన ఏడాదే. ఆ కాయితం ఎవరు ఎవరికి అమ్మారో చెబుతుంది, అంతే. రోడ్డుందా, కాలవుందా, పార్కుందా అన్నది దాని గొడవ కాదు. పెళ్ళి రిజిస్టర్లో సంతకం పెట్టినంత మాత్రాన కాపురం సజావుగా సాగుతుందని పూచీ లేనట్టే ఇదీను. కొన్నందుకొక కాయితం, కొన్నది ఊరిలో భాగమని ఒప్పుకున్నందుకింకో కాయితం, రెండూ వేరు. మా అమ్మ దగ్గర మొదటిదుంది. రెండోది లేదు.

మా అమ్మ ఒక్కతే కాదు. 2007 డిసెంబరు ఆఖరున ఉమ్మడి రాష్ట్రంలో ఇలాంటి స్థలాల్ని క్రమబద్ధం చేసే పథకం పెట్టారు. విడిపోయాక తెలంగాణలో 2015లో మళ్ళీ, 2020లో మళ్ళీ. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2020లో పెట్టారు. 2020 ఆగస్టులో తెలంగాణలో అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేస్తే జనం గగ్గోలెత్తిపోయారు. అంతకు ముందే ఒకసారి రిజిస్టరైనవాటికి తర్వాత సడలించారు. ఆ ఏడు ఒక్క తెలంగాణలోనే పాతిక లక్షల పైచిలుకు దరఖాస్తులు పడ్డాయి. పాతిక లక్షలండీ! ఒక్కొక్క దరఖాస్తు వెనకా ఓ చీటీ డబ్బో, ఓ గాజుల జతో, ఓ రిటైర్మెంటు సొమ్మో ఉంటుంది. లేఅవుట్లో పదోవంతు ఖాళీ లేకపోతే ప్లాటు విలువలో నూటికి పద్నాలుగు వంతులు కట్టాలని ఆ నిబంధనల్లో రాశారు. తప్పు చేసినవాడు అమ్ముకుని ఎప్పుడో వెళ్ళిపోయాడు. జరిమానా కట్టేది, మోసపోయి కొన్నవాళ్ళు.

ప్రభుత్వాన్ని తిట్టిపోసి ఊరుకుందామంటే అదీ కుదరదు. ఇన్ని లక్షల ఇళ్ళని కూలగొట్టగలరా? పోనీ ఊరికే ఒప్పేసుకుంటే, నిబంధనల ప్రకారం పార్కు వదిలి పద్నాలుగు ప్లాట్లే అమ్మినవాడు వెర్రివాడైపోడూ? ఒకసారి మన్నిస్తే, మళ్ళీ మన్నిస్తార్లే అనుకుని ఇంకొకడు బయల్దేరతాడు. పిల్లాడు అబద్ధమాడిన ప్రతిసారీ "ఈసారికి పోనీ" అనే తల్లి పరిస్థితి ఇది. 2016లో వచ్చిన రేరా చట్టం కొంత నయం. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటేదైనా ముందు రిజిస్టరు చేయించి, నక్షా నలుగురికీ కనబడేలా పెట్టాకే అమ్మాలి. కౌటిల్యుడి నలభైమంది సాక్షుల్ని మళ్ళీ తీసుకొచ్చి నిలబెట్టినట్టయింది.

పార్కు దక్కించుకున్న వాళ్ళ కథ కూడా ఒకటి చెప్పనీండి. బెంగుళూరులో రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకని వదిలిన జాగాని ఓ ప్రైవేటు నర్సింగ్‌హోముకి కేటాయించారు. ఆస్పత్రి కూడా మంచిపనే కదా అన్నారు. ఆ పేటవాళ్ళు ఒప్పుకోలేదు. కోర్టుకెక్కారు, మొదట ఓడిపోయారు, పైకోర్టులో గెలిచారు. చివరికి 1991లో సుప్రీంకోర్టు పేటవాళ్ళ పక్షానే తీర్పిచ్చింది. పార్కనేది జనం తమకి తాము ఇచ్చుకున్న కానుక, దాన్ని ఇంకొకళ్ళకి ధారపోసే హక్కు ఏ అధికారికీ లేదన్నది ఆ తీర్పు తాత్పర్యం. ఒకప్పుడు ఉద్యానవనాలు రాజులవీ, జమీందార్లవీ. గోడల అవతల్నించి పూలవాసన పీల్చుకోవడమే మనబోటివాళ్ళ భాగ్యం. పేటకో పార్కన్న మాటలో అంత పెద్ద సంగతి దాగుందని ఆ తీర్పు గురించి చదివేదాకా నాకూ తట్టలేదు.

వాళ్ళ నక్షాకి అనుమతుంది గనక వాళ్ళు గెలిచారు. మాకు ఆ ఆధారం కూడా లేదు. అంచేత మేం డబ్బు కట్టాం. మనవరాలి మొహం చూసి కట్టిందే తప్ప, అమ్మకి ఒళ్ళు మండుతూనే ఉంది. రసీదు తెచ్చి ట్రంకుపెట్టెలో ఆ నీలం కాయితం పక్కనే పెట్టింది. "పార్కు రసీదు" అని దానికి పేరు.

అయితే ఆవిడ అంతటితో ఊరుకోలేదు. మా వీధి చివర పాతబావి చోటొకటి మిగిలింది, మూడుమూలల ముక్క. మహా అయితే అరవై గజాలు. వంకరగా ఉండటం చేత ఎవరికీ అమ్ముడుపోలేదు. అమ్మ ఇల్లిల్లూ తిరిగి, పద్దెనిమిదిమంది ఆడవాళ్ళ చేత సంతకాలు పెట్టించి, ఆ ముక్కని ఊరుమ్మడి స్థలంగా రిజిస్టర్లో ఎక్కించమని అర్జీ పెట్టింది. జవాబింకా రాలేదు. వచ్చేలోపల ఎవరైనా రాళ్ళు పాతుతారేమోనని ఓ వేపమొక్క నాటి, వంతులేసుకుని నీళ్ళు పోస్తున్నారు.

మీలో ఎవరైనా స్థలం కొనే ఆలోచనలో ఉంటే, నాదొక మాట. రంగురంగుల బ్రోషరు చూసి మురిసిపోకండి. అనుమతి నంబరెంతో అడగండి. ఆ నంబరు పట్టుకుని ఆఫీసుకెళ్ళి, అక్కడున్న నక్షాలో పార్కెక్కడుందో చూడండి. దాన్ని పంచాయతీకి రాసిచ్చిన దస్తావేజు ఉందా అని అడగండి. నొచ్చుకుంటారేమోనని మొహమాటపడకండి. బంగారం కొనేటప్పుడు గీటురాయిమీద గీయించమనమూ?

ఆ తర్వాత, స్థలం చూడ్డానికి వెళ్ళేరోజున, ఓ పాత చీర సంచీలో వేసుకు వెళ్ళండి. ముప్ఫై అడుగుల రోడ్డంటే ఒక చీరా, ఇంకో చీరలో మూడు వంతులకి రెండు వంతులూ. ఒక్క చీరకే అవతలి గోడ తగిలిందా, నమస్కారం పెట్టి వెనక్కొచ్చేయండి.